మాన్ దారికి అడ్డంగా తాడు

ఆగండాగండి, ఒక్క నిమిషం ఇది వినండి! ఐవరీ కోస్ట్‌లో మాన్ పట్నం దారికి అడ్డంగా తాడు కట్టారు. తిరుగుబాటు కూటమిలోని రెండు దళాలు, ఉత్తరాదిదీ ఇక్కడి పడమటిదీ, పొద్దున్నే కొట్టుకున్నాయి, అందుకు. ఇటు ఉత్తరాది సెనూఫో తెగ పెద్దావిడ, అటు తుపాకీతో యాకూబా తెగ సిపాయి. ఈ రెండు తెగలకీ తాతలనాటి వేళాకోళపు ఒప్పందం ఉంది: ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు, ఒకరి రక్తం ఒకరు చిందించకూడదు.

"ఒరేయ్ నా బానిసా, తాడు దించు. అవతల ఆసుపత్రిలో నా కూతురు నొప్పులు పడుతోంది."

"బానిసవి నువ్వే ముసలమ్మా! మీ ఉత్తరాది దళం మనుషుల్ని వదలొద్దన్నాడు మా కమాండర్."

"మొన్నేగా రెండు దళాల నాయకులూ చేతులు కలిపి ఫొటో దిగారు?"

"ఫొటో బాగానే వచ్చింది. మధ్యలో ఎవరు నిలబడాలన్న దగ్గరే చెడింది."

"మీ యాకూబాలంతే, అన్నం కుండ కనిపిస్తే అమ్మని కూడా మర్చిపోతారు."

"మీరు మాత్రం? పెండలం దుంప దొరికితే అల్లుడికైనా పెట్టరుగా!"

"నవ్వింది చాల్లే. తాడు కిందనుంచి దూరిపోతున్నా, కాల్చుకో."

"వద్దమ్మా, కమాండర్ చూస్తున్నాడు. ఆయన మన రెండు తెగలవాడూ కాదు, ఈ ఒప్పందం ఆయనకి పట్టదు."

"మరి నీకు?"

ఆవిడ వంగి దూరింది. వెనకనుంచి "కాల్చు!" అని కమాండర్ కేక. సిపాయి తుపాకీ ఎత్తాడు, మొహం మీద నవ్వింకా పూర్తిగా ఆరలేదు.

అతని చోట మీరుంటే ఏం చేస్తారు?