బుచ్చయ్య జోరీగల టీక

రజాకార్ల గడబిడ ఇంకా మొదలుకాని రోజులు. ఆలేరు స్టేషన్ ముందర ఐలేశం చాయ్ దుకాణంల బుచ్చయ్య నోరు తెరిచిండంటే, రైలు కూత పెట్టినా లేచేటోళ్లు కాదు. పశువులకు మందులిచ్చే సలోత్రి దొర దవాఖానల ఒకప్పుడు నీళ్లు మోసిన మనిషి. పొదుగువాపుకు సూదితో ఏసే టీక కనిపెట్టింది తనేనని చెప్పుకునేటోడు.

ఆ మాట నమ్మి బిక్షమ్మ పొద్దున్నే పోచమ్మకు మొక్కి, ఆవును తోలుకొని వచ్చింది. ఆవు చన్ను ఒకటి రాయిలెక్క గట్టిబడ్డది. పిండితే విరిగిన పాలు, నెత్తురు జీర. దూడ నోరు పెడితే తంతాంది. అది వట్టిపోతే ఇంట్ల పిల్లలకు గంజే దిక్కు. పలుపు పట్టుకొని దుకాణం పక్కన నిలబడి విన్నది.

"నేను చేసింది పెద్దగ ఏం లేదు," అంటున్నడు బుచ్చయ్య. "సలోత్రి దొర ఆవును చూస్తుంటే దాని కాళ్లు కదలకుంట పట్టుకున్న, గంతే. దొరకేమో మందు తోస్తలేదు. 'బుచ్చయ్యా, ఎట్లరా?' అని నన్నే అడిగె. చెడ్డ పాలల్ల పురుగును సీసల పట్టి, ఉడికిచ్చి సంపి, సూదిల ఎక్కిచ్చి పొడిచిన. సచ్చిన పురుగు మీద ఆవు నెత్తురు కుస్తీ నేర్చుకున్నది. మల్ల పానమున్న పురుగు వస్తే ఎత్తి కొట్టింది! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"సర్కారు ఇనామిచ్చిందా?" గ్లాసులు కడుక్కుంటనే అడిగిండు ఐలేశం.

"ఇనామెవడికి కావాలె? ఆ ఒక్క ఆవును కుట్టిన జోరీగలు పోయి పక్క ఆవులను కుట్టినయి. వాటికీ టీక పడ్డది! గవే జోరీగలు కాజీపేట రైలెక్కినయి..."

"టికెట్ తీసుకున్నయా అన్నా?" ఎవరో అన్నరు.

"గార్డు గదే అడిగిండు. ఆయన్ను సుత కుట్టినయి. ఇగ జన్మల గార్డుకు పొదుగువాపు రాదు! అటు కాజీపేట, ఇటు చిట్యాల, కట్టంగూరు దాంక వాపు మాయం. పని లేక సలోత్రి దొర దవాఖానకు తాళమేసి, తాళం చెవి నా చేతుల పెట్టి పోయిండు."

దుకాణమంతా నవ్వింది. బిక్షమ్మ నవ్వలేదు. గార్డు మాట కాడనే ఇదంతా కోతలేనని ఆమెకు తెలిసిపోయింది. అయినా ఆవును ముందుకు గుంజింది.

"మామా, నీ పేరు విని నడిచొచ్చిన. నా ఆవుకు గా సూది పొడువు."

బుచ్చయ్య పొదుగు దిక్కు చూసిండు. వాచి ఎర్రగ మెరుస్తాంది. గొంతు తగ్గింది.

"సీస... పలిగిందే బిడ్డా."

"పలిగితే పలిగె. గా జోరీగలల్ల ఒక్కదాన్నన్న పట్టియ్యి, దండం పెడత."

ఐలేశం చేతిల గ్లాసు జారేటట్టు నవ్విండు. బుచ్చయ్య చాయ్ సగంల పెట్టి లేచిండు. పలుపు అందుకున్నడు.

"నడువు బిడ్డా. సలోత్రి దొరకు చూపిద్దాం."

బిక్షమ్మ ఆవు వెనుక నడుచుకుంట నెమ్మదిగ అడిగింది.

"తాళం చెవి తెచ్చుకున్నవా మామా?"