పడ్డోనికి చెయ్యి

ఎవడన్న కొట్టి పడేసినోన్ని మల్ల లేపుతడారా? చెప్పు. వద్దొద్దు, నోరు కదపకు, డాక్టర్ సారు తిడ్తడు. కండ్లతోటి చెప్పు. లేపుతడా?

శుక్రారం నుంచి ఇయ్యాల మంగళారం దాక క్యాంపుల ఇదే ముచ్చట. రూమ్‌ల ఇదే, బాత్‌రూమ్ లైన్ల ఇదే, సైటుకు పొయ్యే లారీల ఇదే. "దేవయ్య ఫక్రుద్దీన్‌ను ఒక్క గుద్దుకు పడేసిండట, మల్ల తనే చెయ్యిచ్చి లేపిండట, వాడు లేసి ఈయన దవుడ ఇరగ్గొట్టిండట." చెప్పుడు, నవ్వుడు. మలబారోళ్లు నవ్వుతాండ్రు, పఠాన్లు నవ్వుతాండ్రు. మనోళ్లు మాత్రం నవ్వుతలేరు. నీ మీద పందెం కాసింది వాళ్లే గద.

ఇగో, లబన్ తెచ్చిన. మజ్జిగే అనుకోని తాగు. నల్కి, గీ సన్న గొట్టం, ఆ పక్కనుంచి పెట్టుకో. కింది పన్ను పోయిందే మంచిదైంది అల్లుడా, లేకపోతె తీగలు కట్టిన పండ్ల సందుల నుంచి నల్కికి తొవ్వెక్కడిది? ఆఁ, గట్ల. మెల్లగ.

డాక్టర్ జనార్దనరావు సారు మంచోడు. మన తెలుగాయనే, బందరు దిక్కు. నిన్ను తీసుకచ్చిన నాడు "ఏమైందండీ?" అన్నడు. నన్ను అండీ అన్నోడు ఈ దేశంల గాయనొక్కడే. "సైట్ల కర్రల మీదికెల్లి పడ్డడు సారూ" అన్న.

"ఎంత ఎత్తు నుంచి?"

"రెండంతస్తులు సారూ."

నీ దవుడ ఒత్తి చూసిండు. నీ చేతులకు చుట్టిన పట్టీలు చూసిండు. "రెండో అంతస్తు నుంచి ఎన్నో రౌండులో పడ్డాడండీ?" అన్నడు. అయినా కాయితం మీద కర్రల మీద నుంచే పడ్డవని రాసిండు. లేకపోతె పోలీసులు అత్తురు, మన కాయితాలు అడుగుదురు. మన కాయితాలు మన దగ్గరెక్కడియి?

నీకు తెలువనిదేముంది? అయినా చెప్త, ఇను. ఇయ్యాల నాకు మొదటి నుంచి చెప్పాలనున్నది. నువ్వెట్లాగు అడ్డం మాట్లాడలేవు.

డెబ్బై నాలుగుల ఇద్దరం ఈ అరబ్బుల దేశమచ్చి ఖబూరా ఊరికి పోతిమి, ఖర్జూరం తోటకు. తోట అర్బాబ్, మన యజమాని, మంచోడే. బాయిల నీళ్లు ఉప్పైనయి, చెట్లు ఎండినయి, "ఇగ మీరు ఎవల దగ్గరన్న బతుకుండ్రి" అని మన పాస్‌పోర్టులు మన చేతుల్లనే పెట్టి పంపిండు. గసొంటి అర్బాబ్ ఇంకోడు దొరుకడు. ఆ పాస్‌పోర్టులు తీస్కపోయి రువి పట్నంల ఈ క్యాంపు నడిపే ఎహసాన్ చేతిల పెట్టింది ఎవలు? నేనే. నువ్వు వద్దన్నవ్. "మామా, మన పెట్టెలనే పెట్టుకుందాం" అన్నవ్. నేను ఇన్ననా? హైద్రాబాదోడు, మన భాష ఎరుకున్నోడు, కొత్త కాయితాలు జేపిస్తా అంటాండు అన్న. జేపించిండు. మన పాస్‌పోర్టులు పెట్టిన ఇనుప పెట్టెకు కొత్త తాళం జేపించిండు.

నాలుగేండ్లాయె. మనం పండేది వాని జాగల, తినేది వాని మెస్సుల, శుక్రారం మనోళ్లు తాగే సారా వానిది, తాగి కొట్టుకుంటె తీర్పు చెప్పేది వాడు. ఎవడే సైటుకు పోవాల్నో చెప్పేది వాడు. ఎవడన్న ఎదురు మాట్లాడితె రూమ్ బయట నలుగురు వచ్చి నిలబడ్తరు. ఆ నలుగురికి గూడ అన్నం వండి పెట్టింది నేనే. వంటోన్ని గద, ఎవలకని పెట్టకుంట?

కుస్తీలు పెట్టించింది గూడ వాడే. ఎండిన వాగుల, ఇసుక మీద. నాలుగు పట్టినవ్, నాలుగు గెలిచినవ్. మెట్‌పల్లి తాలీంల, కుస్తీలు నేర్పే కాడ, మన్నుల పొర్లిన ఒళ్లు గద! ఐదోదానికి నీ ముంగటికి ఒక్కడు రాలే. జోడి లేకపోతె పందెమెక్కడిది? ఎహసాన్ పరేషానైండు. అప్పుడు తెచ్చిండు ఆ బొంత చేతులు, దూది కుక్కిన తొడుగులు. మత్రా రేవుల ఓడ మీదోడు ఎవడో ఇచ్చిండట. "ఇగ కుస్తి బందు, బాక్సింగ్ చేస్తం" అన్నడు. రేవుల మూటలు మోసే ఫక్రుద్దీన్‌ను తెచ్చి నిలబెట్టిండు.

నువ్వేమన్న తక్కువనా? నిండు మెస్సుల, అందరి ముంగట అడిగితివి. "నేను గెలిస్తె మా మామది నాది, రెండు పాస్‌పోర్టులు ఇయ్యాలె." నీకు హిందీ రాదు, వానికి చెప్పింది నేనే. ఎహసాన్ నవ్విండు. "అందరు సాక్ష్యం. గెలిస్తె ఇస్త" అన్నడు.

నీ పాస్‌పోర్టు నువ్వడిగితివి, సరే. నాది ఎందుకడిగినవురా? నిన్నెవడన్న అడుగుమన్నడా?

సరే, శుక్రారం. మొదటి రౌండు వాడు కొట్టిండు, నువ్వు తిన్నవ్. రెండోది గట్లనే. మూడోదాంట్ల ఏమైందో, పాత ఎద్దు లెక్క తల కిందికేసి పోయి ఒక్కటి పెట్టినవ్, చెవి కింద. ఫక్రుద్దీన్ ఎల్లెలుకల పడ్డడు. ఈపు మొత్తం ఇసుకకు ఆనింది.

మన తాలీంల అయితె అంతే, అయిపాయె. ఈపు ఆనినంక కుస్తి లేదు, పగ లేదు. గెలిచినోడు పడ్డోనికి చెయ్యిచ్చి లేపాలె, ఈపుకంటిన మన్ను దులపాలె, అలాయ్ బలాయ్ తీసుకోవాలె. నువ్వు గదే జేసినవ్. ఆట నడిపే ఇనాయత్ పక్కన లెక్కపెడ్తాండు, ఏక్, దో. మూడనే లోపల నువ్వు వంగి వాన్ని లేపినవ్. లేపుడే కాదు, ఇసుక దులుపవడితివి. ఇనాయత్ లెక్క మర్చిపోయిండు. ఆయన మిల్ట్రీల ఇరవై ఏండ్లు బాక్సింగ్ చూసినోడు, ఇసొంటిది ఎన్నడు చూడలేదట. ఫక్రుద్దీన్‌కు మైకం. కండ్లు తెరిస్తె ముంగట నువ్వున్నవ్. కొట్టిండు.

నిన్న అచ్చిండు నా కాడికి, మెస్సుకు. నారింజ పండ్లు తెచ్చిండు నీ కోసం. "దవుడ ఇరిగినోనికి నారింజలేందిరా?" అన్న. "మర్చిపోయిన" అన్నడు. ఉల్లిగడ్డల బస్తా మీద కూసోని, "నా ఈపు దులిపిండు, నేను కొట్టిన" అనుకుంట ఏడ్చిండు. నేను పండ్లు ఒలుసుకోని తిన్న. వాని ముంగట ఏడువబుద్ధి కాలే.

ఇగో, ఇను. తాగుడు ఆపు, ఇను. దేవయ్యకు ఎవలు చెప్పలేదా, పడ్డోన్ని ముట్టొద్దని ఒక్కడన్న చెప్పలేదా అని క్యాంపంత అడుగుతాంది. ఇనాయత్‌ను అడిగితె, "నేను చెప్పిన, నర్సయ్యకు చెప్పమని చెప్పిన" అంటాండు. నన్ను అడిగితె, "చెప్పిన, వాడు మర్చిపోయిండు" అని అంటాన.

ఇనాయత్ నాలుగు కట్టుబాట్లు చెప్పిండు అల్లుడా. నేను నీకు మూడే చెప్పిన.

నడుము కింద కొట్టొద్దు. పట్టి ఎత్తెయ్యొద్దు. గంట కొడితె ఆగాలె. గివి చెప్పిన. నాలుగోది, వాడు పడితె ముట్టకుంట మూలకు పోయి నిలబడాలె, పది లెక్కబెట్టినా వాడు లేవకపోతేనే నువ్వు గెలిచినట్టు. గిది చెప్పలే. నువ్వు అడిగినవ్ గూడ. "ఇంకేమన్నడు మామా?" అన్నవ్. "ఏమంటడు, తల కిందికి పెట్టుకొమ్మన్నడు" అన్న.

అట్ల చూడకు. చూస్తె చూడు, కానీ మొత్తం ఇనుకుంట చూడు.

నువ్వు మెస్సుల పందెం అడిగిన తెల్లారి ఎహసాన్ కిచెన్లకు అచ్చిండు. పప్పు కడుగుతాన. "వాడు గెలిస్తె నాకు పహిల్వాన్ పోతడు, వంటోడు పోతడు, పందెం పోతది. వాన్ని పడిపొమ్మను. ఒక పాస్‌పోర్టు ఇస్త" అన్నడు. "నాదేనా?" అన్న. "నీదే, ఇంకెవలిది?" అన్నడు. చూసినవా, నేను అడిగిన మొదటి మాట గదే. వద్దు సేఠ్, నా అక్క కొడుకు అనలే. నాదేనా అన్న.

పడిపొమ్మని నీకు చెప్తె నువ్వు ఇంటవా? కావాలని ఈపు ఆనిస్తవా? నన్నే ఎత్తి ఇసుకలేస్తువు. అందుకే ఆ ఒక్క మాట దాసుకున్న. నువ్వు ఓడితె సరే. గెలిచేటట్టుంటె, ఆ గెలిచే టయానికి నీ చెయ్యే నిన్ను ఓడగొడ్తదని నాకెరుక. పడ్డోనికి చెయ్యి ఇయ్యాలెరా అని తాలీంల నీకు నేర్పింది ఎవలు? నీకు ఎనిమిదేండ్లు అప్పుడు, పోచమ్మ గల్లి పోరన్ని పడేసి ఎగురుతాంటె చెవి మెలిపెట్టి నేర్పిన. నేనే నేర్పిన, నేనే అమ్ముకున్న.

దవుడ సంగతి మాత్రం అనుకోలే, అవ్వతోడు. లేపుతవ్, మల్ల మొదలైతది, అలిసి ఓడుతవ్, గంతే అనుకున్న.

ఎందుకంటవా? మీ అత్త చిన్నవ్వ మాటలు నింపి పంపిన టేపు నువ్వు గూడ ఇన్నవ్ గద, ఊరికి పోయొచ్చిన పోచన్న తెచ్చింది. నేను బొంబాయిల ఓడ ఎక్కిననాడు కడుపుల ఉన్న బిడ్డ. దాని ముంగట నా టేపు పెట్టిండ్రట. అది టేపు డబ్బ ఎనుకకు పోయి చూసిందట. "నాయిన గీ డబ్బలనే ఉంటడా?" అని అడిగిందట. మీరందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వుకుంట నవ్వుకుంట వంటింట్లకు పోయిన. ఆ ఒక్క మాట కోసం నీ దవుడ ఇరిగింది. తప్పు బిడ్డది కాదు, నాది.

ఇగ, దిండు కింద చెయ్యి పెట్టు. ఆఁ, గదే. తెరువు. నీదే. ఫోటో నీదే, పాత దవుడతోటి.

నిన్న ఎహసాన్ పెట్టె తెరిచి ఒక పాస్‌పోర్టు నా చేతిలేసిండు. అట్టలు అన్ని ఒక్క తీరే ఉంటయి గద, అంగి జేబుల పెట్టుకోని ఉరికిన. వంటింట్ల తెరిచి చూస్తె నీ మొకం. మల్ల ఉరికిన. "సేఠ్, ఇది పోరనిది, నాది కాదు" అన్న. "దవుడ ఇరిగినోన్ని నేనేం జేసుకుంట నర్సయ్యా? పోనియ్యి వాన్ని. నీ పప్పుకు ముప్పై మంది అలవాటు పడ్డరు, నిన్నెట్ల ఇడుస్త?" అన్నడు. నాలుగేండ్లు పప్పు మంచిగ వండిన, గదే నా తప్పు.

అట్ట మూలకు నల్లగున్నది చూడు. మసి కాదు, కాలింది. పొయ్యి ముంగట కూసున్న కద, మంట ఉండె. నాది రాకపోతె వీనిది మాత్రమెందుకు అనుకున్న. అనుకున్నరా, అబద్ధమెందుకు? మూల అంటుకున్నంక చేతితోటి ఆర్పిన. అరచెయ్యి చూడు, బొబ్బ.

నీ మీద పందెం ఓడినోళ్లే నీ టికెట్‌కు చందా ఎత్తుతాండ్రు. మొదటి చందా నాదే. అందరు నన్ను మెచ్చుకున్నరు.

ఊరికి పోయినంక మీ అవ్వ, మా అక్క సత్తవ్వ అడుగుతది, తమ్ముడెట్లున్నడని. వంటల ఉన్నడని చెప్పు. ఇంకేం చెప్తవో నీ ఇష్టం. చిన్నవ్వకు చెప్పు, బిడ్డ అడిగితె అవునంటనే చెప్పుమను. డబ్బలనే ఉంటడని.

నీ కాళ్లేవి? దుప్పటి తియ్యి. నీ కంటె పెద్దోన్నే, అయినా పట్టుకుంట. వంగుతాన ఉండు. ఆగాగు... అమ్మా, నడుము! పట్టేసింది. పడ్డ, చూడు, ఎల్లెలుకలనే పడ్డ. గచ్చు సల్లగున్నది. ఏం కాలే, ఏం కాలే, నేనే లేస్త.

ఏందిరా, మంచం దిగుతానవా? పండుకో, తీగలు ఊడుతయి. చెయ్యెందుకు చాపుతానవ్? పాస్‌పోర్టుకా? అది నీ ఒళ్లెనే ఉన్నది గద. మరి దేనికి?

తియ్యి. చెయ్యి తియ్యిరా అల్లుడా, నీకు బుద్ధి రాదా? పట్టుకోను. పట్టుకుంటె లేపుతవ్. లేసినోడు ఏం జేస్తడో ఇద్దరం చూసినం గద.