ఐస్‌క్రీమ్‌కని చెప్పి

అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్‌కి వెళ్లే ఫెర్రీ అప్పుడే జెట్టీ వదిలింది. ఆడపిల్లల మర్మాంగాన్ని కోసే ఆచారాన్ని మాన్పించే సంస్థలో పనిచేసే ఆమె దగ్గరికి ఒక తల్లి రొప్పుతూ వచ్చింది.

"దీదీ, మా అత్త పాపని తీసుకెళ్లిపోనాది! అదిగో, ఆ ఫెర్రీలోనే."

"సెలవుల్లో చేయిస్తారన్నావు కదమ్మా?"

"నిన్న మీరొచ్చి అది నేరమని చెప్పినారు కదా. మీ ముందు తలూపి చాయ్ ఇచ్చింది. మీరెళ్లాక, ఎవరైనా ఆపేలోపే కానిచ్చేద్దామందట. ఇప్పుడే తోటికోడలు చెప్పింది."

"అయ్యో, నేనే తొందరపెట్టినట్టయింది! మీ ఆయనకి తెలుసా?"

"మా ఆయనోళ్లలో అది ఆడోళ్ల పని, మగోళ్లు అడగరు. మన తెలుగోళ్లలో లేదు కదా, నా మాట ఎవరు వింటారు? ఐస్‌క్రీమ్‌కని చెప్తే నేనే తయారుచేసి పంపినాను, దీదీ."

"అటు జెట్టీలో మా మనిషి ఉంది. పోలీసుల్ని పిలిచి ఆపిస్తాను. తల్లివి, నువ్వు ఊఁ అను."

"పోలీసులా? మళ్లీ నన్ను ఇంట్లోకి రానీరు. ఏటి చెయ్యను?"

"ఫెర్రీ సగం దూరం పోయింది, తల్లీ."

ఆమె ఫోన్ చెవిన పెట్టుకుని తల్లి ముఖంలోకి చూసింది.

"గులాబీ గౌను, దీదీ. రెండు జడలు. గులాబీ గౌనని చెప్పండి."