మొదలుపెట్టని సీసా

1984. మదనపల్లెలో ఒక ఆస్పత్రి. రక్తపు క్యాన్సర్‌కు ఎనిమిది నెలలుగా మాత్రలు మింగుతున్న పుంగనూరు రైతు నారాయణప్ప, ఆయన భార్య ఆదిలక్ష్మి, ఎదురుగా డాక్టరు. ఆదిలక్ష్మి ఒళ్లో గుడ్డసంచి.

“ఏమీ పెట్టలేదు సార్. సంగటి, మజ్జిగ. అంతే.”

“సంచిలో సీసాలు గలగలమంటాండాయి గదమ్మా.”

“నీళ్లు సార్.”

“నల్లటి నీళ్లా? బయట పెట్టు.”

“ఇది గోధుమగడ్డి రసం సార్. ఇది బీట్‌రూట్ లేహ్యం, రక్తం పట్టేదానికి. ఇది బలం పొడి, మస్తానన్న ఇచ్చినాడు.”

“ఆయనేమన్నా వైద్యుడా?”

“సైకిళ్లు రిపేరు చేస్తాడు సార్. వాళ్లత్తకు దీంతోనే మోకాళ్ల నొప్పి పోయిందంట.”

“మీ ఆయనకుండేది మోకాళ్ల నొప్పి కాదు గదమ్మా.”

“రక్తం మోకాళ్లకు పోదా సార్?”

“ఆ పెద్ద సీసా?”

“పెద్దపంజాణి నుంచి తెచ్చిన వేరు కషాయం. ఇంకా మొదలుపెట్టలా.”

“సగమే ఉండాది.”

“బస్సులో కారిపోయింది సార్.”

“సరే. నారాయణప్పా, రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు బాగా దిగినాయి.”

“సూసినావా అయ్యా, నా రసం పని చేసింది. సార్, ఇంక ఆ మాత్రలు ఆపేద్దాం. వాటితో మనిషి నల్లబడిపోయినాడు.”

“మాత్రలు ఆపితే మనిషే ఉండడమ్మా.”

“రసంతోనే గదా సార్ దిగింది.”

“లచ్చుమీ, ఒక మాట.”

“నువ్వుండయ్యా, సార్‌తో మాట్లాడతాండా.”

“నేను తాగలేదే.”

“ఏం తాగలా?”

“రసం, లేహ్యం, పొడి. ఏదీ. ఒక్క చుక్క గూడా.”

“మరి గ్లాసు ఖాళీగా ఉంటాది గదా.”

“ఎర్రావు తాగింది.”

“ఎనిమిది నెలలా?”

“గ్లాసు సూస్తే సాలు, గుంజ పీక్కోని వస్తాది. నేనేం చేసేది?”

“అందుకా దాని పేడ ఎర్రగుండేది? నేను దిష్టి తీసినా గదయ్యా దానికి. మూడుసార్లు తీసినా. నవ్వొద్దు సార్.”

“నవ్వలేదమ్మా. పని చేసింది మాత్రలే అని తేలింది గదా. ఇంక ఆపే మాట ఎత్తొద్దు.”

“ఎత్తను సార్.”

“ఏదీ, కిటికీ తట్టు తిరుగమ్మా. నీ కళ్లు యాల అంత పచ్చగుండాయి?”

“ఎండకు సార్.”

“ఎండకు కళ్లు పచ్చబడవు. అన్నం తింటాండావా?”

“వారం నుంచి సయించలా.”

“నాకు చెప్పలేదేమే లచ్చుమీ?”

“నీకుండేది సాలదా అయ్యా?”

“ఆదిలక్ష్మమ్మా, నిజం చెప్పు. మొదలుపెట్టని సీసా సగం యాల ఖాళీ అయింది?”

“బస్సులో కారిపోయిందని చెప్పినా గదా సార్.”

“నిజం అడుగుతాండా గదా. నీకు కామెర్లమ్మా. ఈ పొద్దే రక్తం పరీక్షకిచ్చి పోవల్ల.”

“కొత్త మేత తెస్తే మందకంతా ఒకేసారి పెడతామా సార్? ముందు ఒక గొడ్డుకు పెట్టి సూసి, దానికేం కాలేదంటేనే కడమవాటికి.”

“ఆ గొడ్డు ఎర్రావేనా?”

“ఎర్రావు సంగతి నాకిప్పుడే గదా సార్ తెలిసింది. ప్రతి సీసా ముందు తాగే గొడ్డు నేను.”