చెప్పు తీసిచ్చిన చుట్టం

అదేం మాటండీ ప్రదీప్ గారూ! తప్పు నా చదవడంలో ఉందంటారేంటి? ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పినదాన్నండీ. ఏలూరులో ఏ వీధిలోకి వెళ్ళినా ఎవరో ఒకరు స్కూటరాపి "నమస్కారం టీచరుగారూ" అంటారు. అలాంటిది నేను చదివితే కొల్లేటికోటలో పన్నెండుమందికి పన్నెండుమందీ అర్థం కాలేదన్నారంటే, మరి ఆ కాయితంలోనే ఏదో ఉండాలి కదా?

ముందు కూర్చోండి. అబ్బే, ఆ కుర్చీ కాదు, దానికి ఓ కాలు పొట్టి. ఇందులో కూర్చోండి. ఇదిగో పకోడీ. గూడెం నుంచి మా చెల్లెలు పంపింది. తింటూ మాట్లాడండి. తినకుండా మాట్లాడితే మీ మాట కటువుగా ఉంటుంది.

అయినా నేనేమన్నా వచ్చి అడిగానా మిమ్మల్ని? మీరే వచ్చారు. "రాజ్యంగారూ, పాత నిబంధనని హెబ్రూ నుంచి మళ్ళీ కొత్తగా తెలుగులోకి చేస్తున్నాం, చిత్తుప్రతిని ఊళ్ళల్లో చదివి వినిపించాలి, వినేవాళ్ళకి ఆ కథ ముందు తెలిసి ఉండకూడదు" అన్నారు. శుక్రవారం శుక్రవారం దీపం పెట్టుకునేదాన్ని, మీ చర్చి పనికి నేనెందుకండీ అంటే, "అందుకేనండీ మీరు కావాలి" అన్నారు. ఎంత ముచ్చటేసిందో ఆ మాటకి! సరేనన్నాను.

రూల్సు కూడా మీరే చెప్పారు. ప్రతి భాగం రెండుసార్లు చదవాలి. "ఏం విన్నారు?" అని అడగాలి. వాళ్ళు ఏమంటే అది వాళ్ళ మాటల్లోనే రాయాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ వివరించకూడదు! పంతులమ్మని పట్టుకుని వివరించొద్దనడం ఏం న్యాయమండీ? ఎదుటివాడు తప్పుగా అర్థం చేసుకుంటుంటే చూస్తూ కూర్చోవాలా? నాకు అరిచేతులు దురద పెట్టాయి.

మొదటి రెండు భాగాలూ బాగానే జరిగాయి కదా. మరచిపోకండి అది. వలల షెడ్డులో కూర్చున్నాం. ఆడవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ విన్నారు, చెరువు కాపలా తాతాజీ కూడా వచ్చి గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ కథలో అత్తగారికి మొగుడు పోయాడు, ఎదిగిన కొడుకులిద్దరూ పోయారు. చిన్నకోడలు వేరే దేశం పిల్ల, వేరే దేవుణ్ణి కొలిచే పిల్ల. పుట్టింటికి పొమ్మన్నా పోకుండా, నీ వెంటే వస్తానని అత్తగారితో వచ్చేసింది. అక్కడికి రాగానే వల బాగుచేస్తున్న నాగరత్తం ముక్కు చీది, "నా కోడలికీ వినిపించండి పంతులమ్మగారూ" అంది. షెడ్డంతా నవ్వులు.

రెండో భాగంలో ఆ కోడలు ఓ మంచి ఆసామి పొలానికి వెళుతుంది. అక్కడ మీ కమిటీవాళ్ళు "కోతగాండ్రు విడిచిన వెన్నులను సేకరించుట" అని రాశారా, చదువుతుంటేనే నాకు నాలిక మొద్దుబారింది. నాగరత్తం అందుకుని, "పరిగె ఏరుకుందని చెప్పడానికి ఇంత తంటా ఎందుకండీ?" అంది. అదీ రాశాను కదా మీకు. మీ కమిటీ మారుస్తామన్నారు కదా. మరి ఆ మంచి పని గుర్తులేదు మీకు!

ఇంక నాలుగో భాగం. ఆ చెప్పుల సంగతి. నవ్వకండి, నేనే నవ్వి నవ్వి చచ్చాను.

ఆ ఊరి వాకిట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. ఆ కోడలి మీదా, అత్తగారి పొలం మీదా ముందు హక్కున్న దగ్గరి చుట్టం ఒకడున్నాడు. "నాకొద్దు, నువ్వే తీసుకో" అని, కాలి చెప్పు తీసి, ఆ పిల్లని చేసుకుంటానన్న ఆ మంచి ఆసామి చేతికిచ్చాడు. చదివాను. రెండోసారీ చదివాను. "ఏం విన్నారు?" అన్నాను.

"చెప్పుచ్చుకు కొట్టాడండీ" అన్నారు.

అందరూ అదే మాట! పెద్దమనుషుల మధ్యలో చెప్పు తీసినవాడు కొట్టక ఇంకేం చేస్తాడండీ? తాతాజీ అయితే దెబ్బలు కూడా లెక్కపెట్టేశాడు. "పొలం తగువు, మాటా మాటా పెరిగింది, రెండు తగిలించాడు, ఈయన పరువు పోయి అమ్మాయిని తీసుకుని ఊరొదిలి వెళ్ళిపోయాడు" అని. కథ అంత బాగా చెప్పాడని పక్కనున్నావిడ తాతాజీకి టీ పోసింది.

నేనేం చెయ్యను? వివరించాను. ఒప్పుకుంటున్నాను. "కాదయ్యా, ఆ రోజుల్లో అక్కడ అదో పద్ధతి. హక్కున్నవాడు ఆ నేల మీద చెప్పులేసుకుని తిరుగుతాడు కదా, ఆ చెప్పు తీసి ఇచ్చేశాడంటే, ఇక నేను అడుగు పెట్టను, నాకు హక్కు లేదు, నీదే అని అర్థం" అన్నాను. తాతాజీ తన కాళ్ళకేసి చూసుకుని, "ఆయ్! కాయితం లేకుండా రిజిస్ట్రేషనన్నమాట" అన్నాడు. ఎంత చక్కగా పట్టుకున్నాడండీ!

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాగరత్తం వల దించి నాకేసి చూసింది. "అది సరేనండీ. మరి ఇందాక మీరు చదివినదాంట్లో, నువ్వు నాతోనే ఉండిపో, నీకింకో ఇల్లెందుకు అని అత్తగారు అంది కదా? ఆవిడ పంపకుండా ఈ పిల్ల పెళ్ళిదాకా ఎలా వచ్చింది? మధ్యలో ఏదో పోయిందండీ పంతులమ్మగారూ" అంది.

ఏమోనమ్మా, హెబ్రూలోనే అలా ఉందట, కష్టమైన చోటట అన్నాను. మీ కాయితం మీదా అదే రాశాను. "మూడో భాగం ఎవరికీ అర్థం కాలేదు. మూలంలోనే ఇబ్బంది ఉన్నట్టుంది."

ఏంటీ? మీ కమిటీ దాని మీద మూడుసార్లు కూర్చున్నారా? ఎక్కడో ఉన్న హెబ్రూ ప్రొఫెసరుకి ఉత్తరం కూడా రాశారా? అయ్యో రామ! ఒక్క కాయితానికే అంత రాద్ధాంతమా?

సరేనండీ, ఆ ఫోను బల్లమీద ఎందుకు పెడుతున్నారు?

ఓహో.

రికార్డింగు సంగతే మరిచిపోయాను చూడండి. నా ఫోనులో చోటు లేదని శ్రావ్య ఫోనులో కదా రికార్డు చేశాం. మా కోడలే కదా దాన్ని విని, జవాబులు టైపు చేసి, మీకు పంపింది. అంటే మీరు విన్నారు. అంటే శ్రావ్య కూడా వింది. మీ చిత్తుప్రతి ముందు పెట్టుకుని మరీ వింది.

వద్దు, పెట్టకండి. నా గొంతు నేను వినలేను.

మూడో భాగం ఉన్నదున్నట్టు చదవనిది సిగ్గు వల్లనండీ. అవును, సిగ్గే. ఆ పిల్ల కళ్ళంలో నిద్రపోతున్న ఆసామి దగ్గరికి వెళ్ళి, కాళ్ళ దగ్గర దుప్పటి తొలగించి పడుకోవడం! దాని అర్థమేంటో మీ పండితులే ఇప్పటికీ తేల్చుకోలేదని మీరే అన్నారు. తాతాజీ కూర్చుని ఉండగా నేనెలా చదవను?

ఏంటలా చూస్తారు? నమ్మలేదా?

నేనూ నమ్మలేదులెండి. ఆ చోటు దాకా నేను పోనేలేదు. దానికి పైన, అత్తగారి మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

మీరు కాయితాలిచ్చిన రోజు మధ్యాహ్నం ఈ కుర్చీలోనే కూర్చుని చదివాను. అత్తగారు కోడల్ని పిలిచి అంటుంది, నీకో నీడ చూడకపోతే నేనెందుకమ్మా? లే, ఒళ్ళు తోముకో, మంచి బట్ట కట్టుకో, ఆ ఆసామి దగ్గరికి వెళ్ళు, అంటుంది. ఎవరూ అడగలేదు ఆవిణ్ణి! తనే అంది. తనకి ఆ పిల్ల తప్ప దిక్కు లేదు, అయినా అంది. నాకు చాలా కోపమొచ్చిందండీ ఆవిడ మీద.

మా అబ్బాయి సాకేత్ పోయి నాలుగేళ్ళు. ఆ కరోనా రెండో విడతలో, తొమ్మిది రోజుల్లో. వాడి నాన్న అంతకు ముందే పోయారు. శ్రావ్యకి వాళ్ళ అమ్మానాన్నా రమ్మని కబురు చేశారు, వెళ్ళలేదు. "అత్తయ్యగారూ, నేనిక్కడే ఉంటాను" అంది. ఆకివీడు ల్యాబులో చెరువు నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం చూసుకుంది. పొద్దున్నే బస్సెక్కుతుంది, సాయంత్రం వస్తుంది, నాకు మాత్రలేసి తను తింటుంది. నేను ఏరోజూ అడగలేదు, నీకేమన్నా కావాలా అని. అడిగితే చెబుతుందేమోనని.

తెలియదనుకోకండి. జవాబులు మెయిల్లో వచ్చాక కూడా కాయితాల కోసం ప్రతి గురువారం మీరే స్వయంగా వస్తారు. గురువారం వచ్చిందంటే మా అమ్మాయికి ల్యాబులో పని త్వరగా అయిపోతుంది, ముందు బస్సు దొరుకుతుంది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని యవలు అనాలా బార్లీ అనాలా అని గంటన్నర మాట్లాడారు ఓ రోజు. బార్లీ గురించి గంటన్నరేంటండీ? వంటింట్లోంచి విన్నాను. నాలుగేళ్ళ తరవాత ఈ ఇంట్లో ఆ పిల్ల పైకి నవ్వింది.

నాకు భయమేసింది. అంతే. హెబ్రూ లేదు, సిగ్గు లేదు, భయం. అందుకని కొల్లేటికోటలో ఆ చోటు రాగానే అక్కడున్నది వదిలేసి, "నువ్వు నాతోనే ఉండిపో" అని నా సొంత మాట చదివేశాను. ఎన్ని వేల సంవత్సరాల నాటి కథండీ అది! దాన్నే మార్చేశాను, వలల షెడ్డులో కూర్చుని.

శ్రావ్య ఏమంది అంటారా? అన్నం పెట్టిందండీ. మజ్జిగ పోస్తూ మాత్రం, "మూడో భాగం ఎప్పుడైనా నాకు చదివి వినిపించండి అత్తయ్యగారూ, మీరు చదివితే బాగుంటుంది" అంది. మూడు వారాలయింది. ఇంకా వినిపించలేదు నేను.

అందుకే నిన్న మళ్ళీ వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను, మీ కమిటీకి చెప్పకుండా. పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్ళి, అదే షెడ్డులో కూర్చుని, మూడో భాగం ఉన్నదున్నట్టు చదివాను. దుప్పటి సంగతితో సహా! తాతాజీ నీళ్ళకేసి చూస్తూ విన్నాడు. అయ్యాక నాగరత్తం తొడ చరిచి, "అదండీ! అత్తగారంటే అదీ! ఇప్పుడు కుదిరింది కథ" అంది. అందరికీ అర్థమైంది. పన్నెండుమందికీ. ఇదిగో కాయితం, తీసుకోండి. మీ ప్రొఫెసరుగారికి ఇంకో ఉత్తరం రాయండి, మూలంలో ఇబ్బందేమీ లేదట, చదివినావిడలో ఉందట అని.

ఇంకోటి చెప్పాలి. మా గుమ్మం పక్కన చెప్పుల స్టాండులో రెండో వరస చూశారా ఎప్పుడైనా? సాకేత్ చెప్పులు. నాలుగేళ్ళూ అక్కడే ఉంచాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అవి ఉన్నాయని మీరు మీ చెప్పులు పాపం మెట్టు మీద, ఎండలో విడుస్తారు. అదీ చూశాను నేను. చూసి కూడా ఊరుకున్నాను.

నిన్న వాటిని సంచిలో పెట్టుకెళ్ళి తాతాజీకిచ్చాను. కాపలా తిరిగేవాడు కదా, పనికొస్తాయని. ఆయన బయటికి తీశాడు, దుమ్ము లేదు వాటి మీద, నా మొహంకేసి చూశాడు. చూసి మెల్లిగా, "చెప్పులిచ్చేస్తున్నారంటే... హక్కు వదులుకుంటున్నారాండీ పంతులమ్మగారూ?" అన్నాడు.

విన్నారా? వివరించొద్దన్నారు మీరు! వివరించబట్టే కదండీ తెలిసింది ఆయనకి!

ఆయ్ అన్నాను. అని, ఆ షెడ్డులో అందరి ముందూ ఏడ్చాను. నాగరత్తం వల ఒళ్ళోకి లాక్కుని నాకు చెరువు రొయ్యల కూర కథేదో చెప్పింది, నవ్వించడానికి.

ఆగండాగండి, లేవకండి. అమ్మాయిని మీకిచ్చేస్తున్నాననుకునేరు! ఇవ్వడానికి ఆ పిల్ల నా పొలం కాదు. నేను అడ్డం తప్పుకుంటున్నాను, అంతే. మిగతాది తననే అడగండి. కాదంటే ఈ పకోడీ తినేసి వెళ్ళిపోండి. అవునంటే మాత్రం ఒక్క మాట. ఆదివారం మీరు మీ చర్చికి వెళ్ళండి, శుక్రవారం తను తన దీపం పెట్టుకుంటుంది, ఎవరూ ఎవర్నీ లాగకూడదు. సరేనా?

భయం పోయిందా అంటే పోలేదండీ. అలా పోతుందేంటి? ఆ కథ చివర ఇరుగమ్మలు చంటిపిల్లాణ్ణి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టారని ఉంది కదా. మూడోదయ్యాక నిన్న అదీ ఒకసారి చదివాను, రెండోసారి మాత్రం చదవలేదు. రూలు తప్పాను. ఆశ ఎక్కువైపోతుందని.

అదిగో, గేటు చప్పుడు. ముందు బస్సు దొరికినట్టుంది, ఇవాళ గురువారం కదా. చేతులు తుడుచుకోండి, నూనె.

ఇదిగో బాబూ ప్రదీప్, మెట్టు మీద ఎండలో వదిలేశావు చూడు, ఆ చెప్పులు తెచ్చి స్టాండులో పెట్టుకో. రెండో వరస ఖాళీగా ఉంది.