నూరు చోట్లు

వణికిపోతున్న తండ్రికి దుప్పటి కప్పి, కూతురు ల్యాబులో మైక్రోస్కోపు మీదికి వంగింది. రిటైరయ్యేదాకా అది ఆయన పనిచేసిన బల్లే.

"కిట్‌లో మలేరియా లేదనే వచ్చింది కదా నాన్నా, ఇంకా ఎందుకీ పట్టు?"

"క్రిములు తక్కువుంటే కిట్‌కి దొరకవమ్మా. రక్తపు స్లైడు మీద నూరు చోట్లు చూడందే లేదని సంతకం పెట్టకూడదు."

"అరవై చూశాను. మామూలు జ్వరమే, ఇంటికి పదండి."

"ఇంకా నలభై ఉన్నాయిగా."

విసుక్కుంటూనే ఆమె మళ్లీ వంగింది.

"మీతో వేగడం నా వల్ల... ఆగండి! ఎనభై ఏడో చోట ఉంది నాన్నా. మలేరియానే."

"చూశావా, నెగ్గాను!"

పళ్లు టకటకలాడుతున్నా ఆ ముఖం వెలిగిపోతుంటే ఆమెకు నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి.

"నెగ్గారులెండి. ముందీ మందు వేసుకోండి."

"వేసుకుంటాను గానీ, మిగిలిన పదమూడూ ఎవరు చూస్తారమ్మా?"