ఎనిమిదో లైటు

ఏమే అమ్మాయ్, ఏమంటోంది బండికి తగిలించిన నీ స్కానింగు మిషను? ఆక్సిజన్ సెన్సరా? పోయిందని చెప్పిందా, లేక దాని లెక్క తేడాగా ఉందని చెప్పిందా? చూశావా, రెండూ ఒకటి కాదు. అప్పుడే కొత్తది తెప్పించడానికి ఫోను తీశావు, పెట్టు పక్కన. ఏ గొట్టమో చీలి ఇంజను దొంగగాలి పీలుస్తుంటే ఆ సెన్సరు ఉన్నమాటే చెబుతుండొచ్చు కదా. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలా? ఇంతకీ లైటు ఎప్పుడు వెలిగిందన్నాడు బండాయన? అసలు వెలగనే లేదా, ఒట్టి కుదుపేనా? ఊఁ. ఆ సంగతి తర్వాత చూద్దాం. ఆ స్టూలు ఇటు లాగు, నా మోకాళ్లు నిలబడనివ్వవు.

నిదానం అని ఒకాయన ఉండేవాడులే. అసలు పేరు ఆయనకైనా గుర్తుండేదో లేదో. నేను కుర్రతనంలో పనిచేసిన షెడ్డులో వైరింగంతా ఆయనదే. మేం నాలుగు బండ్లు విప్పి బిగించేలోపు ఆయన ఒక్క బండి ముందు కూర్చుని డ్రైవరుతో ముచ్చట్లాడేవాడు. ఎండలో వెలిగిందా, వానలోనా? ఎక్కుడులోనా, దిగుడులోనా? అప్పుడు స్టీరింగు ఎటు తిప్పారు? పోలీసులు కూడా అన్ని అడగరని నేను వెక్కిరించేవాణ్ణి. తర్వాత కళ్లు మూసుకుని, సెన్సరు దగ్గర్నుంచి వైరు మీద వేళ్లు నడిపించుకుంటూ చివరిదాకా పోయేవాడు. బండి ఇచ్చేముందు ఇంకో పిచ్చి. తాళం సగం తిప్పి, ఇంజను అందుకోకముందే, మీటరు బోర్డులో వెలిగిన లైట్లన్నీ పైకి లెక్కపెట్టేవాడు, ఒకటో తరగతి పిల్లాడిలా. వెనక నుంచి మేం వంత పాడేవాళ్లం. తాళం తిప్పగానే అన్నీ వెలగాలి, ఇంజను అందుకోగానే అన్నీ ఆరాలి. అదీ ఆయన శాస్త్రం.

ఒకసారి నర్సమ్మ బండి వచ్చింది. కొండదారి ఊళ్లకి కాన్పులు చెయ్యడానికి వెళ్లేది ఆవిడ, పిలుపొస్తే ఎండా వానా చూసేది కాదు. ఆయిల్ లైటు ఉండుండి వెలుగుతోందంది. ఆయిలు చూశా, నిండుగా ఉంది. ప్రెషరు చూశా, బాగుంది. అయితే సెన్సరే దొంగ అన్నా. మార్చా. మూడో రోజుకి తిరిగొచ్చింది. మళ్లీ మార్చా. మళ్లీ వచ్చింది. ఓనరు నన్ను పక్కకి పిలిచి, ఈసారి ఈ బండి ఆ లైటుతో వచ్చిందంటే నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు అన్నాడు. అప్పటికే నోటిదూలకి రెండు షెడ్ల వాళ్లు నన్ను గెంటేశారు. ఇంట్లో నలుగురం, సంపాదన నాదొక్కడిదే. మీ అమ్మ ఇంకా బడికి పోతోంది. నిదానాన్ని అడగొచ్చుగా మామయ్యా అంటావు. అడిగితే నా మీసం ఏం కాను? మీటరు బోర్డు విప్పి ఆ బల్బు పీకి జేబులో వేసుకున్నా. లైటు ఇక వెలగదు, బండి ఇక రాదు. చూడు నా తెలివి. నవ్వకు, ఏడవాల్సిన సంగతి అది.

నర్సమ్మ వచ్చి సంచీ వెనక సీట్లో పెట్టుకుంది. ఓనరు తాళాలు ఇవ్వబోతుంటే నిదానం, ఒక్క నిమిషం తల్లీ అని ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఒకటి, రెండు అంటూ వచ్చి ఏడు దగ్గర ఆగాడు. మళ్లీ మొదట్నుంచి. మళ్లీ ఏడే. ఎనిమిదోది నా జేబులో ఉంది. ఆయన నా వంక చూశాడు. నా జేబు వంక చూశాడు, నా చెయ్యి దాని మీదే ఉంది మరి. దిగొచ్చి, ఓనరు వింటుండగానే, "ఈ బండి ఇవాళ ఇవ్వలేం తల్లీ. వైరింగులో తప్పుంది. తప్పు నాదే, ముందే చూడాల్సింది," అన్నాడు. ఓనరు ఆ పెద్దమనిషిని తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. తల వంచుకుని విన్నాడు. నోటిదూలవాణ్ణి, ఆ ఒక్కరోజు జేబు మీంచి చెయ్యి తియ్యకుండా నిలబడిపోయా.

అందరూ భోజనాలకి వెళ్లాక నా ముందు చెయ్యి చాచాడు. బల్బు పెట్టా. "వెలిగే లైటుకి భయపడకురా. వెలగాల్సినప్పుడు వెలగనిదానికి భయపడు," అన్నాడు. అంతే. నా వేలు పట్టుకుని వైరు మీద పెట్టాడు. బ్యాటరీ కింద మలుపులో నాకే తగిలింది. పైతోలు ఒరుసుకుపోయి రాగి బయటపడింది. బండి ఎడమకి తిరిగినప్పుడల్లా బాడీకి తాకి లైటు వెలిగిస్తోంది. దానికి టేపు చుట్టి, బల్బు మళ్లీ దాని చోట బిగించా. నేను పీకి పారేసిన సెన్సర్లు ఏ పాపం ఎరగవు. ఎటు తిప్పితే వెలుగుతోందని ఆవిణ్ణి అడిగుంటే చెప్పేదే. అడిగానా?

కొన్నాళ్లకి కొండదారిలో రాయి తగిలి ఆవిడ బండి ఆయిలంతా కారిపోయింది. లైటు వెలిగింది, ఆవిడ ఆపింది, ఇంజను దక్కింది. షెడ్డుకొచ్చి, నీ చేతి చలవ నాయనా అని నాతో అంది. నాది కాదమ్మా అందామని ఆయన వైపు తిరిగితే, ఆయన ఎవరి బండిలోనో లైట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. పోయేదాకా ఒక్కరి దగ్గర ఆ బల్బు మాట ఎత్తలేదే. ఇన్నేళ్లు నేను తిన్న ముద్ద ఆయన పెట్టిందే. మీ అమ్మ చదువూ అంతే. నీ చేతిలో ఆ మిషనూ అంతే అనుకో. ఈ ముక్క ఆయనకి నేనెప్పుడూ చెప్పనే లేదు.

సరే, చాల్లే. ఎక్కు. తాళం సగం తిప్పు. పైకి చదువు, నాకు వినపడాలి. ఎన్ని? తొమ్మిదా? మళ్లీ చదువు. ఇంజను లైటు ఉందా అందులో? లేదా? అదీ సంగతి. అంత కుదుపుతున్న బండిలో లైటెందుకు వెలగలేదా అనుకుంటూనే ఉన్నా. ఎవడో నాలాంటివాడే చెయ్యి పెట్టాడు. తిట్టకే వాణ్ణి. పాపం, వాడికి నిదానం దొరకలేదు. ఆ స్క్రూడ్రైవరు ఇటియ్యి.